ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్: ఆర్కే బీచ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి కాస్త దిగువన, అల వెనక్కి తగ్గి ఇసక గట్టిపడిన చోట ప్రతి ఆదివారం తెల్లారగట్ల మా ఆట. నాలుగు చెప్పులు పాతితే రెండు గోల్‌పోస్టులు. ఏడున్నరకి ఎండ చురుక్కుమనగానే ఆట ఆగిపోయి, టీ బండి దగ్గర వాదన మొదలవుతుంది. అక్కడ ఇన్నేళ్లుగా విన్న ప్రశ్నలే ఇవి. ఇంటర్ కుర్రాళ్లు అడిగేవి, పిల్లల్ని తీసుకొచ్చే అమ్మలు అడిగేవి, పోర్టులో రిటైరైన పెద్దాయన నన్ను ఇరుకున పెట్టడానికి అడిగేవి అన్నీ కలిపి రాశాను. వరస ఏమీ లేదు, వచ్చినవి వచ్చినట్టే.

ఒలింపిక్స్‌లో అసలు ఫుట్‌బాల్ ఉందా అన్నా? మెస్సీ, రొనాల్డో ఎప్పుడూ కనపడలేదే?

ఉంది తమ్ముడూ. 1900 పారిస్ నుంచీ ఉంది. దేశాల జట్లతో పద్ధతిగా మొదలైంది 1908 లండన్‌లో. నువ్వడిగిన ఇద్దరూ ఆడారు కూడా. క్రిస్టియానో రొనాల్డో 2004 ఏథెన్స్‌లో పోర్చుగల్ తరఫున దిగాడు. ఆ జట్టు ఇరాక్ చేతిలో 4-2 తేడాతో ఓడి, గ్రూపులో అట్టడుగున మిగిలింది. అందుకే ఆ సంగతి అతని అభిమానులెవరూ ఎత్తరు. మెస్సీ 2008 బీజింగ్‌లో బంగారు పతకమే తెచ్చుకున్నాడు. తర్వాత వాళ్లు కనపడకపోవడానికి కారణం వయసు. మగవాళ్ల ఫుట్‌బాల్‌కి ఒలింపిక్స్‌లో 23 ఏళ్ల హద్దుంది. ఆ హద్దు దాటినవాళ్లు జట్టుకి ముగ్గురే ఉండాలి.

ఇంకే ఆటకీ లేని ఈ 23 ఏళ్ల తిరకాసు దీనికే ఎందుకు?

కొంచెం వెనక్కి వెళ్లాలి. మొదట్లో ఒలింపిక్స్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ల పండగ. ఫుట్‌బాల్‌లో ఏమో అప్పటికే జీతాలు మొదలైపోయాయి. 1924, 1928లో ఉరుగ్వే వరసగా రెండుసార్లు గెలిచింది. అసలైన ఆటగాళ్లందరూ వచ్చే పోటీ ఒకటి కావాలనుకుని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 1930లో వరల్డ్ కప్ పెట్టింది, అది కూడా ఉరుగ్వేలోనే. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ అసలు లేనే లేదు.

మళ్లీ వచ్చాక ఇంకో చిక్కు. 1952 నుంచి 1980 దాకా ఎనిమిది ఒలింపిక్స్ జరిగితే ఎనిమిదింట్లోనూ బంగారం తూర్పు యూరప్ దేశాలకే వెళ్లింది. హంగరీ మూడుసార్లు. సోవియట్ యూనియన్, యుగోస్లావియా, పోలండ్, తూర్పు జర్మనీ, చెకోస్లొవేకియా ఒక్కోసారి. అక్కడ జీతగాడైన ఆటగాడే ఉండడు. కాగితం మీద ఒకడు సైనికుడు, ఇంకొకడు ఫ్యాక్టరీ ఉద్యోగి. పని మాత్రం పొద్దస్తమానం ఫుట్‌బాలే.

ఇది చెబితే మా పోర్టు పెద్దాయన ముసిముసిగా నవ్వుతాడు. విశాఖలో దీన్ని ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు మరి. రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంట్, పోలీసు, నేవీ… స్పోర్ట్స్ కోటా ఉద్యోగం అంటే ఏమిటో ఇక్కడ ప్రతి వీధికీ తెలుసు. రిజిస్టర్‌లో సంతకం ఆఫీసులో, డ్యూటీ గ్రౌండ్‌లో.

1984లో ప్రొఫెషనల్స్‌ని రానిచ్చారు. యూరప్, దక్షిణ అమెరికా జట్లు మాత్రం వరల్డ్ కప్ ఆడినవాళ్లని తేకూడదన్నారు. తన వరల్డ్ కప్‌కి పోటీగా ఇంకో వరల్డ్ కప్ తయారవడం ఫిఫాకి ఇష్టం లేదు, ఫుట్‌బాల్ లేకుండా టికెట్లు అమ్ముకోవడం ఒలింపిక్స్ వాళ్లకి కష్టం. చివరికి 1992 బార్సిలోనా నుంచి 23 ఏళ్ల హద్దు, 1996 అట్లాంటా నుంచి ముగ్గురు పెద్దవాళ్ల వెసులుబాటు. బేరమాడి కుదుర్చుకున్న రాజీ అది. ఏషియన్ గేమ్స్ కూడా 2002 నుంచి అదే దారి పట్టింది.

మా అబ్బాయి 2004 డిసెంబర్‌లో పుట్టాడండీ. 2028 ఒలింపిక్స్‌కి వయసు సరిపోతుందా?

సరిపోదమ్మా. కొద్ది రోజుల్లో పోయింది.

లెక్క ఇలా వేస్తారు. ఆటలు జరిగే రోజున వయసెంత అని చూడరు, పుట్టిన సంవత్సరం చూస్తారు. 2024 పారిస్‌కి 2001 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే 23 లోపు వాళ్లు. అదే లెక్కన 2028కి హద్దు 2005 జనవరి 1. జపాన్‌లోని ఐచి-నగోయా 2026 ఏషియన్ గేమ్స్‌కి 2003 జనవరి 1. డిసెంబర్ 31 రాత్రి పుట్టిన పిల్లాడికీ, అదే ఆసుపత్రిలో తెల్లారి పుట్టిన పిల్లాడికీ మధ్య ఉన్నది కొన్ని గంటలే. ఫుట్‌బాల్ లెక్కలో అది ఏడాది.

టోక్యోది ఒక్కటే మినహాయింపు. కరోనా వల్ల ఆ ఆటలు ఏడాది వెనక్కి వెళ్లాయి కాబట్టి 1997లో పుట్టినవాళ్లని వదులుకోకుండా హద్దు 24 చేశారు. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌కీ అంతే. పేరు 2022, జరిగింది 2023లో.

ఈ జనవరి 1 అంటే నాకు సొంతంగా ఒక మంట ఉంది, చెప్పేస్తాను. నేను పుట్టింది కనుమ నాడు. ఇంట్లో గారెలు వేగుతుంటే నొప్పులొచ్చాయని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంటే 1979 జనవరి. బళ్లో వేసే రోజున అయిదేళ్లు నిండలేదని మాస్టారు తిప్పి పంపబోతే, మా నాన్న బతిమాలాడు. మాస్టారు కలం తీసి 1978 జూన్ 1 అని రాసేశారు. మా క్లాసులో సగం మంది పుట్టినరోజు జూన్ 1 అప్పట్లో. పదహారేళ్ల లోపు జట్టు ఎంపికకి 1995లో వెళ్తే హద్దు 1979 జనవరి 1. బల్ల వెనక కూర్చున్నాయన నా సర్టిఫికెట్ మీద వేలు పెట్టి, ఒకసారి నా మొహం చూసి, కాగితం మడతపెట్టి చేతిలో పెట్టాడు. బూట్లు కూడా విప్పలేదు నేను, అలాగే బస్సెక్కాను. ఏ బడి, ఏ సెలెక్షన్ అని అడక్కండి. మాస్టారు మంచే చేద్దామనుకున్నారు.

అందుకే పిల్లాడు బంతి తన్నడం మొదలుపెట్టిన రోజే మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడూ పక్కపక్కన పెట్టి చూడమంటాను. మూడింట్లో ఒకే తేదీ ఉండాలి. పదో తరగతి మెమో వచ్చేశాక దిద్దించడం నరకం.

వయసు తగ్గించి రాయించుకునేవాళ్ల సంగతేంటి మరి?

వాళ్లే ఎక్కువ, నాలాంటి వెర్రివాళ్లు తక్కువ. 17 ఏళ్ల లోపు పోటీల్లో మణికట్టుకి ఎమ్మారై తీసి, ఎముక చివర అతుక్కుందా లేదా అని చూసే పద్ధతి ఫిఫా 2009లో తెచ్చింది. 23 దగ్గర ఆ పరీక్ష పనికిరాదు, అప్పటికి అందరి ఎముకలూ అతుక్కుపోయి ఉంటాయి. అక్కడ కాగితమే దిక్కు.

ముగ్గురు పెద్దవాళ్లంటే ఎవర్ని తీసుకెళ్తారు?

దేశాన్ని బట్టి. 2016 రియోలో బ్రెజిల్ నేమార్‌ని తెచ్చుకుంది. మరకానా స్టేడియంలో జర్మనీతో ఫైనల్ 1-1, షూటౌట్‌లో ఆఖరి కిక్ అతనిదే, 5-4. అయిదు వరల్డ్ కప్‌లు గెలిచిన బ్రెజిల్‌కి ఒలింపిక్ బంగారం అదే మొదటిది.

అన్నిటికన్నా ఉత్కంఠ కొరియాది. దక్షిణ కొరియాలో ప్రతి కుర్రాడూ సైన్యంలో పనిచేయాల్సిందే. ఒలింపిక్స్‌లో ఏ పతకమొచ్చినా, ఏషియన్ గేమ్స్‌లో బంగారమొచ్చినా ఆ సర్వీసు నుంచి మినహాయింపు. కొరియా స్టార్ ఆటగాడు సోన్ హ్యూంగ్‌మిన్‌ని 2014లో అతని జర్మన్ క్లబ్ వదల్లేదు, కొరియా ఏమో బంగారం గెలిచేసింది. 2018 జకార్తాకి ముగ్గురు పెద్దవాళ్లలో ఒకడిగా వచ్చాడు. జపాన్‌తో ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లింది, 2-1తో గెలిచారు. మ్యాచ్ ఓడితే రెండేళ్లకు దగ్గరగా బ్యారక్స్‌లో, గెలిస్తే తిరిగి లండన్‌లో తన క్లబ్బుకి. పెనాల్టీ ఒత్తిడి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒకసారి ఆ ఎక్స్‌ట్రా టైమ్ వీడియో చూడాలి.

మనకి 2023లో ఆ స్థానంలో సునీల్ ఛెత్రి వెళ్లాడు, 39 ఏళ్ల వయసులో.

అమ్మాయిలకీ ఈ వయసు హద్దుందా?

లేదు. అందుకే నన్నడిగితే ఒలింపిక్స్‌లో అసలు సిసలైన ఫుట్‌బాల్ ఆడవాళ్లదే. ఏ దేశమైనా తన మొదటి జట్టునే తెస్తుంది. 1996లో మొదలైంది, అమెరికా అయిదుసార్లు గెలిచింది. నార్వే, జర్మనీ, కెనడా ఒక్కోసారి. 2024 ఫైనల్లో అమెరికా బ్రెజిల్ మీద 1-0, గోల్ మలోరీ స్వాన్సన్‌ది. బ్రెజిల్ మార్తాకి అది మూడో వెండి పతకం, బంగారం రాలేదు పాపం.

2008 నుంచీ మగ జట్లు 16, ఆడ జట్లు 12 ఉండేవి. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఇది తిరగబడుతోంది. ఆడవాళ్లవి 16, మగవాళ్లవి 12. ఇది చెప్పినప్పుడు బీచ్‌లో మాతో ఆడే ఇద్దరమ్మాయిలు బాటిల్ మూతలు ఎగరేశారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి దేశానికి ఆడుతున్న సౌమ్య గుగులోత్ ఆట చూడమని వాళ్లకి చెబుతుంటాను. వింగ్‌లో ఆమె పరుగు చూస్తే చాలు.

క్లబ్బులు ఆటగాళ్లని ఎందుకు ఆపుతాయి? దేశం పిలిస్తే వెళ్లొద్దా?

జీతమిచ్చేది క్లబ్బు. ఫిఫా క్యాలెండర్‌లో ఉన్న మ్యాచ్‌లకైతే వదిలి తీరాలి. మగవాళ్ల ఒలింపిక్స్ ఆ క్యాలెండర్‌లో లేదు. 2008లో మెస్సీ కోసం బార్సిలోనా క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లింది. క్లబ్బు వదలక్కర్లేదని తీర్పు వచ్చింది కూడా, టోర్నీ మొదలవడానికి ఒక్క రోజు ముందు. గెలిచిన క్లబ్బే మెత్తబడి వెళ్లనిచ్చింది. 2024లో సొంతూరు పారిస్‌లో ఒలింపిక్స్ జరుగుతుంటే ఫ్రాన్స్ స్టార్ ఎంబాపే క్లబ్బు వదలక ఆడలేకపోయాడు.

మన కథ ఇంకా కడుపు మండేది. హాంగ్‌జౌ 2023. మన క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ మొదలయ్యే వారమే ఏషియన్ గేమ్స్. ఎవర్ని వదలాలి, ఎవర్ని వదలకూడదు అని బేరాలు సాగి సాగి, జట్టు చైనాలో దిగింది సెప్టెంబర్ 18 సాయంత్రం. మ్యాచ్ 19న, ఆతిథ్య చైనాతోనే. సరైన సాధన లేదు, నిద్ర లేదు. అయినా హాఫ్‌టైమ్‌కి 1-1. రాహుల్ కేపీ కుడివైపు నుంచి, కోణం లేని చోటు నుంచి కొట్టిన గోల్ అది. రెండో సగంలో కాళ్లు అయిపోయాయి, 5-1. తర్వాత బంగ్లాదేశ్ మీద 1-0, మయన్మార్‌తో 1-1 చేసి గ్రూపు దాటారు. సౌదీ చేతిలో 2-0తో ఇంటికొచ్చారు.

ఆ మాటకొస్తే అంతకుముందు 2018లో మన ఫుట్‌బాల్ జట్లని అసలు పంపనే లేదు. ఆసియాలో మొదటి ఎనిమిదిలో ఉంటేనే అన్న నిబంధన అడ్డుపెట్టారు. 2023లో అదే నిబంధన సడలించి పంపారు. ఎనిమిదో స్థానంలోకి రావాలంటే పెద్ద జట్లతో ఆడాలి, పెద్ద జట్లతో ఆడాలంటే ఎనిమిదో స్థానంలో ఉండాలి. మా టీ బండాయన దీనికి పెట్టిన సామెత ఇక్కడ రాయలేను.

ఇండియా ఒలింపిక్స్‌లో ఎప్పుడైనా ఆడిందా?

నాలుగుసార్లు, వరసగా. 1948, 1952, 1956, 1960. ఆ తర్వాత లేదు.

1948 లండన్‌లో ఫ్రాన్స్‌తో ఒకే ఒక్క మ్యాచ్. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ వృథా. సారంగపాణి రామన్ గోల్ కొట్టి 1-1 చేశాడు. చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ ఇంకోటి వేసి 2-1 చేసింది. రెండు పెనాల్టీలు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు నిద్రపట్టదు, నేను పుట్టకముందు మ్యాచ్ అది!

1952 హెల్సింకిలో చలికి ఉత్త కాళ్లు పనిచేయలేదు. యుగోస్లావియా 10-1. బూట్ల విషయంలో మన సమాఖ్య పట్టుబట్టింది ఆ దెబ్బ తర్వాతే.

1956 మెల్‌బోర్న్ మన శిఖరం. మొదటి రౌండ్‌లో ఎదురుపడాల్సిన హంగరీ రాలేదు, నేరుగా క్వార్టర్ ఫైనల్. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది కూడా మనమే, డిసౌజాయే. తర్వాత 4-1తో ఓడాం. కంచు కోసం బల్గేరియాతో 3-0 ఓడి నాలుగో స్థానం. ‘హంగరీ రాకపోబట్టి కదా’ అని పోర్టు పెద్దాయన సన్నాయి నొక్కులు నొక్కుతాడు. ఆస్ట్రేలియా వచ్చింది కదండీ అంటాను.

1960 రోమ్‌లో గట్టి గ్రూపు. హంగరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 3-1 ఓటమి. ఫ్రాన్స్ మీద గోల్ పీకే బెనర్జీది. మిగతా రెండు గోల్స్ కొట్టినవాడు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, తులసీదాస్ బలరామ్. పుట్టింది తమిళ కుటుంబంలో, ఆట నేర్చింది మన మట్టి మీద. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

చెప్పుల్లేకుండా ఆడనివ్వలేదని 1950 వరల్డ్ కప్ మానేశారంట కదా?

బాగా అల్లిన కథ. నిజం అంత గొప్పగా ఉండదు. అప్పటి మన సమాఖ్యకి ఒలింపిక్స్ ముందు వరల్డ్ కప్ ఒక లెక్కలోకి రాలేదు. బ్రెజిల్ అంటే వారాల తరబడి ఓడ ప్రయాణం. సాధనకి టైము లేదన్నారు, ఎంపికలో తేడాలన్నారు. బూట్ల మాట తర్వాత సర్దిచెప్పుకోవడానికి పనికొచ్చింది. ఆ రోజుల్లో ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్ అంటే ఎంత పెద్దవో ఈ ఒక్క పొరపాటే చెబుతుంది. ఇప్పటి పిల్లలకి ఇది నమ్మశక్యం కాదు.

రహీం సాబ్ అని ఎప్పుడూ అంటుంటావు. ఎవరాయన?

సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి కోచ్, ఆ జట్టు దేశంలో అప్పటి పెద్ద టోర్నీ రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. మన దేశానికి ఏషియన్ గేమ్స్‌లో ఉన్న రెండు బంగారు పతకాలూ ఆయన చేతిమీదుగా వచ్చినవే. 1951 ఢిల్లీలో ఇరాన్ మీద 1-0, గోల్ మేవాలాల్‌ది. 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1.

ఈ జకార్తా ఫైనల్ గురించి మాత్రం కూర్చుని చెప్పాలి. ఇజ్రాయెల్, తైవాన్‌లకి ఇండోనేషియా వీసాలివ్వలేదు. దాన్ని మన అధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో ఊరంతా మన మీద మండిపడింది. సెప్టెంబర్ 4న స్టేడియం నిండా మనల్ని ఎగతాళి చేస్తున్న జనం. మన పక్షాన గొంతెత్తింది పాకిస్తాన్ హాకీ జట్టేనని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. గ్రూపులో ఇదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది కూడా. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కి జ్వరం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు.

రహీం ఏం చేశాడంటే, తల పగిలిన ఆ డిఫెండర్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. డిఫెన్స్‌లో బంతిని తలతో కొట్టే పని తప్పుతుంది, ఆరడుగుల మనిషి ముందుంటే అవతలివాళ్లకి బెదురూ ఉంటుంది. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో రెండోది ఎవరు కొట్టారనుకున్నారు, ఆ కుట్ల తల జర్నైలే. ఆఖర్లో కొరియా ఒకటి వేసింది, అంతే. కెప్టెన్ చునీ గోస్వామి. పదకొండు మందిలో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరామ్ హైదరాబాద్ మైదానాల్లో తయారైనవాళ్లు.

రహీంకి అప్పటికే క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. ఆ తర్వాత మనకి ఏషియన్ గేమ్స్‌లో దొరికింది 1970 బ్యాంకాక్ కంచు ఒక్కటే, జపాన్ మీద 1-0. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదే.

ఒలింపిక్స్ ఒక ఊళ్లో అంటారు, ఫుట్‌బాల్ ఏమో ఊరూరా ఎందుకు? పైగా ప్రారంభోత్సవానికి ముందే మొదలెట్టేస్తారు!

పరుగు పందెం గడ్డి పాడు చేయదు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటయ్యాక గడ్డీ ఆటగాడూ ఇద్దరూ రెండు మూడు రోజులు తేరుకోవాలి. ఒలింపిక్స్ మొత్తం రెండు వారాల పైచిలుకే. అందుకే రెండు రోజులు ముందే మొదలు. పారిస్‌లో ప్రారంభోత్సవం జూలై 26, మగవాళ్ల ఫుట్‌బాల్ 24నే మొదలైపోయింది. మ్యాచ్‌లు మార్సెయ్, లియోన్, బోర్డో, నాంత్, నీస్, సాంతెత్యెన్‌లలోనూ జరిగాయి. 1996లో అయితే అట్లాంటా ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఫైనల్ అట్లాంటాలో కాదు, పక్కనున్న ఏథెన్స్ అనే ఊళ్లో పెట్టారు. మనకీ కొత్తేం కాదు, 2002 జాతీయ క్రీడల్ని హైదరాబాద్, విశాఖ పంచుకోలేదూ?

మ్యాచ్ సమమైతే పతకం ఎవరికి?

నాకౌట్‌లో ఎక్స్‌ట్రా టైమ్, ఆపైన షూటౌట్. షూటౌట్లు లేని రోజుల్లో మాత్రం చిత్రాలు జరిగాయి. 1960లో సెమీస్ 1-1 అయితే అదృష్టం తేల్చి యుగోస్లావియాని ఫైనల్‌కి పంపారు, ఇటలీ సొంత గడ్డ మీద అలా పోయింది. 1972లో సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ 2-2 చేసుకుని కంచుని ఇద్దరూ పంచుకున్నారు. ఏషియన్ గేమ్స్‌లో ఏకంగా బంగారమే పంచారు. 1970లో బర్మా, దక్షిణ కొరియా. 1978లో రెండు కొరియాలూ ఒకే మెట్టు మీద.

పారిస్‌లో డ్రోన్ గొడవ ఏమిటి?

కెనడా మహిళల జట్టు సిబ్బంది న్యూజిలాండ్ సాధన మీదికి డ్రోన్ ఎగరేసి పట్టుబడ్డారు. ఆరు పాయింట్లు కోత, కోచ్‌కి ఏడాది నిషేధం. ఆరు పాయింట్లంటే రెండు విజయాలు గోవిందా. ఆ అమ్మాయిలు పట్టు వదలకుండా మూడుకి మూడూ గెలిచి, మిగిలిన మూడు పాయింట్లతోనే క్వార్టర్స్‌కి వెళ్లారు. అక్కడ జర్మనీతో షూటౌట్‌లో ఓడారు.

అదే పారిస్‌లో అర్జెంటీనా, మొరాకో మ్యాచ్ ఇంకో వింత. ఆఖర్లో అర్జెంటీనా గోల్ కొట్టి 2-2 చేసింది, జనం మైదానంలోకి దూకారు, ఆటగాళ్లు లోపలికెళ్లిపోయారు. దాదాపు రెండు గంటల తర్వాత పిలిపించి, ఆ గోల్ ఆఫ్‌సైడ్ అని కొట్టేసి, ఖాళీ స్టేడియంలో మిగతా మూడు నిమిషాలు ఆడించారు. మొరాకోకే 2-1. మా బీచ్‌లో కూడా ఒకసారి అల వచ్చి బంతిని పట్టుకుపోతే గోలా కాదా అని పావుగంట కొట్టుకున్నాం. రెండు గంటలైతే పట్టలేదు.

కామన్వెల్త్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ ఎప్పుడొస్తుంది?

లేదు. వెతక్కండి.

సౌత్ ఏషియన్ గేమ్స్‌లో?

ఉంది, మనకి మంచి రికార్డే. మగవాళ్లు 1985, 1987, 1995లో బంగారం గెలిచారు, అమ్మాయిలు 2010, 2016, 2019లో. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ సంగతి చాలామంది మర్చిపోయారు. అక్కడ ఫైనల్ దాకా వెళ్లి ఉజ్బెకిస్తాన్ చేతిలో 1-0 ఓడాం.

లాస్ ఏంజెలెస్ మ్యాచ్‌లు వైజాగ్‌లో ఎన్నింటికి చూడాలి గురూ?

జూలైలో వాళ్లకీ మనకీ పన్నెండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం అయిదింటి మ్యాచ్ మనకి మర్నాడు పొద్దున్న అయిదున్నరకి. అంటే సరిగ్గా మా ఆట టైముకి. 2028 జూలై 14 నుంచి 30 దాకా ఆదివారాలు ఏం చేయాలో ఇప్పట్నుంచే గొడవ పడుతున్నాం. నగోయా హాయి. అక్కడ రాత్రి ఏడు గంటలంటే మనకి మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసులో ఫోన్ సొరుగులో పెట్టుకుని చూసుకోవడమే.

విశాఖ పిల్లలు ఆ స్థాయికి వెళ్లాలంటే దారేంటి?

జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, ఆపైన జాతీయ సమాఖ్య. రిజిస్ట్రేషన్ లేకుండా ఎంత ఆడినా లెక్కలోకి రాదు, మొదట అది చేయించండి. వయసు విభాగాల పోటీలు, స్కూల్ గేమ్స్, యూనివర్సిటీ జట్టు, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ. ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది ఒకసారే, 1965-66లో. ఈ మెట్లన్నీ ఎక్కుతూ పోతే ఏదో ఒక చోట క్లబ్బు వాళ్ల కంట పడాలి. ఇప్పుడు దేశ జట్టు దారి క్లబ్బుల మీదుగానే. పద్దెనిమిదేళ్లకల్లా మంచి అకాడమీలో లేకపోతే 23 హద్దు ముంచుకొచ్చేస్తుంది.

ఇక గంటకింత అని టర్ఫ్ బుక్ చేసుకుని అయిదుగురితో ఆడేవాళ్లకి ఒక్క మాట. చిన్న మైదానంలో కాళ్ల పనితనం వస్తుంది, పెద్ద మైదానంలో 90 నిమిషాలు ఎక్కడ నిలబడాలో రాదు. వారంలో ఒక్క రోజైనా నిండు గ్రౌండ్ వెతుక్కోండి. ఇసక మీద ఆడితే పిక్కలు గట్టిపడతాయి, పాస్ పాడవుతుంది. నా పాస్ చూసినవాళ్లకి వేరే రుజువు అక్కర్లేదు.

మీ ఆదివారం ఆటకి ఎవరైనా రావచ్చా?

రావచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అల గోల్ దాకా వచ్చేస్తుంది, ఆ వారాల్లో కాస్త ముందే రండి. పాత చెప్పులే వేసుకోండి, గోల్‌పోస్టులకి కావాలి, తిరిగి దొరుకుతాయని హామీ లేదు. సర్టిఫికెట్లు అక్కర్లేదు. ఒలింపిక్స్ రూలు మాత్రం మా దగ్గర తిరగేసి పెట్టాం. 23 దాటనివాళ్లు జట్టుకి ముగ్గురికి మించి ఉండకూడదు. నలుగురైతే మాకు బంతి అందట్లేదు.